విద్యుద్గిటారు – నాదసంస్కారము

క్రొత్తకుండను కొనునపుడు మనలో నెవ్వరును దాని రంగును మాత్రము చూచి ఊరకొనరు. వ్రేళ్లతో తట్టి, చెవి యొగ్గి వినెదరు. ఖంగుమని పలికినచో బాగుగా కాలిన కుండ. మందముగా పలికినచో పచ్చిది. జీరపోయినచో ఎక్కడనో బీటవారినది. ప్రక్కగదిలో కూర్చుండియే, వంటింట పడినది కంచుగిన్నెయో ఇత్తడిపళ్లెమో చెప్పగలము. షడ్జము ఒక్కటియే యైనను వీణ పలికిన షడ్జము వేఱు, వేణువు పలికినది వేఱు, పూజవేళ అత్తగారి గొంతున పలికినది వేఱు. ఈ భేదమునే నాదగుణ మందురు. గిటారు వాయించువారు దీనిని ‘టోన్’ అని వ్యవహరింతురు. పేరు క్రొత్తదే కాని దానిని గుర్తించు చెవి మనకు క్రొత్తది కాదు.

ఇప్పుడు మన యిండ్లలోనికి ఈ క్రొత్తవాద్యము వచ్చుచున్నది. హనుమకొండకో హైదరాబాదునకో చదువునకు పోయిన పిల్లలు సెలవులకు వచ్చునపుడు వీపున నల్లనిసంచిలో విద్యుద్గిటారును మోసికొని వచ్చుచున్నారు. మొదటిదినమున ఇల్లంతయు వేడుకగా చూచును. రెండవదినమున పెద్దలు తలుపులు మూయుదురు. మూడవదినమున ‘ఇది సంగీతమా, రొదయా’ అను మాట పుట్టును. పిమ్మట వాద్యము మూలకు చేరును. బాలికదైనచో మఱింత త్వరగా చేరును. బాలుడు రొదచేసినచో ముచ్చట, బాలిక చేసినచో తప్పు. ఈ వాద్యము పుట్టుకతో కర్కశమైనది కాదనియు, దాని నాదమును దిద్దు విధ మెఱుగకపోవుటయే కర్కశత్వమునకు కారణమనియు చెప్పుటకై ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

నేనుండునది చిల్పూర్. బుగులు వేంకటేశ్వరస్వామి వెలసిన గుట్ట మా యూరికి గుర్తు. నా చదువు మా తండ్రిగారియొద్ద భాగవతముతో మొదలై వసుచరిత్రముతో నిలిచినది. బడిమెట్లు నే నెక్కలేదు. బడిపంతులుగారిని మాత్రము పెండ్లాడితిని. ఇట్టిదానికి విద్యుద్వాద్యములతో నేమిపని యని నవ్వువా రుందురు. నవ్వనిండు. మా జనగామ జిల్లాలోనిదే పాలకుర్తి. ఆ యూరిపేరు దాల్చిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వీణాభేదముల నెన్నింటినో పేర్కొనినాడు. అన్ని వీణల పేర్లు వందలయేండ్లక్రిందటనే వినియున్న సీమలో ఇంకొక తీగవాద్యమును చూచి బెదరుట తగదు గదా!

ముందుగా దాని శరీరమును చూతము. వీణకు పనసచెక్కతో తొలిచిన కుండ కలదు. తీగను మీటగా ఆ కదలిక గుఱ్ఱముమీదుగా చెక్కకు దిగి, లోపలి గాలిని కదల్చి, మన చెవిని చేరును. విద్యుద్గిటారున నిట్టి కడుపే లేదు. పెక్కువాద్యములలో నది గట్టిపలక. విద్యుత్తు లేకుండ మీటినచో దోమపాటవలె సన్నగా పలికి ఊరకుండును. తీగలక్రింద మాత్రము ‘పికప్’ అను చిన్నపెట్టె లుండును. ఒక్కొక్కదానిలో అయస్కాంతములు, వానిచుట్టును వెండ్రుకవంటి సన్నని రాగితీగ వేలకొలది చుట్లు. పైన ఉక్కుతీగ కదలగా అయస్కాంతక్షేత్రము చలించును. అది చలింపగా రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంతప్రేరణ మిదియే. దండాయస్కాంతమును రాగిచుట్టలోనికి దూర్చి తీయుచు, గాల్వనామీటరు ముల్లు అటునిటు తిరుగుట మావారు పిల్లలకు ఏటేట చూపుచుందురు. ఆ ముల్లునకు మాఱుగా లౌడుస్పీకరు నుంచినచో గిటారైనదని వారి మాట. కావుననే ఈ వాద్యమునకు ఉక్కుతీగయే కావలయును. ఇత్తడితీగను కట్టినచో పికప్ దాని నెఱుగదు, వాద్యము మూగవోవును.

దీని పుట్టుపూర్వోత్తరములలో మన వంటింటిమాట యొకటి కలదు. అమెరికాలో నాట్యశాలల వాద్యబృందములనడుమ గిటారు ధ్వని వినబడక కొట్టుకొనిపోవుచుండగా, జార్జి బోషాం అను వాద్యకారుడును అడాల్ఫ్ రికెన్‌బాకర్ అను పనివాడును కలిసి 1930 దాటిన తొలియేండ్లలో అల్యూమినియముతో పోతపోసిన విద్యుద్గిటారును అమ్మకమునకు తెచ్చిరి. గుండ్రని చిన్నశరీరము, పొడుగైన దండి. చూచినవారు దానిని ‘వేపుడు పెనము’ అనిరి. ఆ పేరే నిలిచినది. దానికి పేటెంటు 1937లో లభించెను. 1950 ప్రాంతమున కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కొయ్యపలకలతో గిటారులను విరివిగా చేయనారంభించెను. ఆ కర్మాగారమున 1956లో చేరిన అబిగెయిల్ ఇబార్రా అను స్త్రీ పికప్పులకు రాగితీగ చుట్టుటలో జీవితమంతయు గడపి 2013లో విశ్రమించినది. ఆమె సంతకముగల చుట్టలకై వాద్యకారులు వెదకులాడుదురు. తీగ నెంత బిగువున పట్టవలయునో, వరుసపై వరుస నెట్లు నడుపవలయునో ఆ వ్రేళ్లకు తెలియును. గిటారు కథలలో వాయించిన పురుషుల పేర్లే వినుచుందుము. నాదమును చుట్టిపెట్టినది ఈమె చేయి యని మన యాడుపిల్లలకు చెప్పుట మంచిది.

మన సంగీతమున విద్యుద్వాద్యమునకు దారి చూపినవాడు అమెరికావాడు కాడు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లువాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న జన్మించి, పసితనముననే తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను చేతబట్టెను. చెంబై వైద్యనాథభాగవతారు శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు ఆయనకు గురువులైరి. గురువుగారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడును, బాలుడు విని ఆ పాటనే తీగపై పలికించును. ఇందొక విశేషము కలదు. మాండొలిన్ ఎట్లు పలుకునో ఎవ్వరును ఆ బాలునకు నేర్పలేదు. గొంతు ఎట్లు పలుకునో నేర్పిరి. మిగిలినది ఆయన చెవి వెదకికొన్నది. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున తొలికచేరి చేయునప్పటికి వయస్సు తొమ్మిదేండ్లు. 1983లో పశ్చిమబెర్లిను జాజ్ ఉత్సవమున కర్ణాటకసంగీతమును వినిపించెను.

ఆయన యెదుర్కొనిన చిక్కేమి? పాశ్చాత్యుల మాండొలిన్‌కు తీగలు జంటజంటలుగా ఎనిమిది. మీటిన వెంటనే టంగుమని పలికి ఆఱిపోవును. అందుచేతనే వారు దీర్ఘస్వరము కావలసినచోట పిక్‌ను వడివడిగా ఆడించుచు దడదడలాడింతురు. మన రాగమున కది చాలదు. తోడిలో గాంధారము నిలకడగా నుండు స్వరమా? ఒక్కమీటుపై ఊగవలయును, జాఱవలయును, మరల లేవవలయును. స్వరము బ్రతికియున్నంతసేపే గమకము. ఆఱిపోయిన దీపమునకు వత్తి నెగద్రోసి యేమి లాభము? ఆ పైని జంటతీగలను ప్రక్కకు లాగినచో రెండును సమముగా సాగక శ్రుతి చెదరును.

శ్రీనివాస్ జంటలను మానివైచి ఒంటితీగ లైదింటిని కట్టించుకొనెను. పికప్‌తో కూడిన విద్యున్మాండొలిన్‌ను చేపట్టెను. విద్యుత్తన్నంతనే బిగ్గఱగా మ్రోగించుటకే యని జనులు తలంతురు. ఇచట దానివలన కలిగిన ముఖ్యమైన మేలు అది కాదు. బోలువాద్యమున తీగ తన బలమును చెక్కను కదల్చుటకే త్వరగా వెచ్చించును. గట్టిపలకపై బిగించిన తీగకు ఆ వ్యయము తక్కువ; ఎక్కువసేపు కదలుచుండును. కదలిక సన్నగిల్లిన పిమ్మటకూడ ఆంప్లిఫయరు దానిని మనకు వినిపించుచునే యుండును. స్వరమున కాయువు పెరిగినది. ఆ పెరిగిన యాయువులో గమకము లిమిడినవి. మెత్తగా మీటినను చివరిబంతివారికి వినబడునన్న ధైర్యముచే చేయియు మెత్తపడినది. ఆయన వాద్యమున మీటు వినబడకయే స్వరము పుట్టినట్లు తోచుటకు కారణ మిదియే యని నా నమ్మకము.

కర్ణాటకసభలో విద్యుద్వాద్యమున కేమి చోటని తొలిదినములలో సందేహించినవారు లేకపోలేదు. ఫిడేలుకూడ ఒకనాడు ఓడ దిగి వచ్చినదే యను సంగతి వారు మఱచియుందురు. వీణకు సయితము కాంటాక్ట్ మైకు నమర్చుకొనిన వైణికులు గతశతాబ్దమున పలువురు కలరు. 1998లో భారతప్రభుత్వము శ్రీనివాస్‌కు పద్మశ్రీ నిచ్చినది. జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయ గిటారువిద్వాంసునితో కలిసి దేశదేశములు తిరిగి వాయించెను. 2014 సెప్టెంబరు 19న చెన్నపట్టణమున నలుబదియైదేండ్లకే అస్తమించెను. ఆయన వాద్యము రికార్డులలో నున్నది. గిటారు నేర్చు పిల్ల యింట నున్నచో ముందుగా నది వినిపింపవలయును. మాండొలిన్‌కును గిటారునకును పరిమాణమున భేదమే కాని, ఉక్కుతీగ, మెట్లు, పికప్, ఆంప్లిఫయరు అన్నియు నొక్కటియే.

ఇక మా యింటి సంగతి. పోయిన వేసవిలో మా అన్నగారి కుమార్తె గిటారుతో మా యింటికి వచ్చినది. వారిది పట్టణమున ఇఱుకింటి కాపురము. ఇరుగుపొరుగువారు రొదకు నోర్వక తగవులాడుచుండిరి. ‘పల్లెలోనైన ఎవ్వరికి నడ్డము లేనిచో సరి, అచటకూడ పెద్దవారికి బాధయైనచో సెలవులు కాగానే అమ్మివేయుదము’ అని మా అన్నగారు వర్తమాన మంపినారు. పిల్ల పదునారేండ్లది. రెండేండ్లు పండుగడబ్బు కూడబెట్టి కొనుకొన్నది. వచ్చిన మఱునాడే చావడిలో వాయింప మొదలిడినది. మా అత్తగారు చాపపై కూర్చుండి వత్తులు చేసికొనుచుండిరి. కొంచెముసేపు ఓర్చి, చేతిలోని ప్రత్తిని పళ్లెములో పడవైచి, ‘ఏందే బిడ్డా ఇది, గిర్ని ఆడినట్టున్నది! చెవులల్ల సూదులు గుచ్చుతున్నయి’ అనిరి. పిల్ల మొగము చిన్నబోయినది. ‘నాకు బాగానే వినబడుచున్నది గదా అత్తయ్యా’ అని నావైపు చూచినది.

ఇద్దరి మాటయు నిజమే. ఈ సంగతిని కనిపెట్టినవారు మావారు. ఆంప్లిఫయరు పెట్టె నేలమీద నున్నది. పిల్ల కుర్చీలో నున్నది. లౌడుస్పీకరునుండి మంద్రధ్వనులు నలుదెసల వ్యాపించును. తీక్ష్ణధ్వనులు మాత్రము టార్చిలైటు వెలుగువలె ఎదుటికే సాగును. ఆ వెలుగు పిల్ల మోకాళ్లక్రిందుగా పోవుచున్నది. ఆమె చెవికి నాదము మొద్దుగా వినబడుటచే ట్రెబిల్ నాబును అంతకంతకు త్రిప్పివైచినది. ఆ తీక్ష్ణత యంతయు సూటిగా పోయి ఎదుట చాపపై కూర్చుండిన మా అత్తగారి చెవిలో పడినది. మావారు పిల్లను లేపి చాపపై కూర్చుండబెట్టి, తాము వాయింపరానివారైనను కుర్చీలో కూర్చుండి తీగలను గీరిరి. ‘అమ్మో!’ యని పిల్ల చెవులు మూసికొన్నది. అటుపిమ్మట పెట్టెను పీటపై నెక్కించి, ముందువైపు కొంచెము పైకెత్తి, పిల్ల చెవివైపునకు త్రిప్పి, గోడకు మూరెడుదూరము జరిపితిమి. గోడమూలను పెట్టినచో మంద్రస్వరము ఉబ్బి బురదవలె నగును. ఆపై నాబులన్నింటిని నడిమికి తెచ్చి, తనకు వినబడునదియే ఎదుటివారికిని వినబడునట్లు క్రొత్తగా దిద్దుకొనుమంటిమి. అరగంటలో ట్రెబిల్ సగమునకు దిగువకు వచ్చినది. ఒక్క రూపాయి వ్యయము లేదు.

పిల్లలు నాదమును పెట్టెలలో వెదకుదురు. అది మొదట వ్రేలిలో నున్నది. తీగ నెచట మీటుదు మనుదానిని బట్టియే సగము నాదము తేలిపోవును. మీటినచోట తీగ పెద్దగా ఊగును గనుక, సరిగా నాచోట నిశ్చలముగా నుండవలసిన అనుస్వరములు పుట్టజాలవు. నట్టనడుమ మీటినచో సరిసంఖ్యల అనుస్వరము లణగి, నాదము గుండ్రముగ, వేణువువలె నుండును. గుఱ్ఱమునొద్ద మీటినచో పై అనుస్వరములు దట్టమై, నాదము పదునుగా, సన్నగా నుండును. కాకినాడవాసియైన చిట్టిబాబుగారు (1936–1996) వీణపై కోయిలకూతను పలికించినారని మన పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. ఆ కూత యే పెట్టెలోనిది? మీటునెలవు, తీగలాగుడు, చేతియొత్తిడి, ఇంతే గదా. గిటారుపై పిల్ల ఒక్కస్వరమునే తీసికొని, దండి మొదలుకొని గుఱ్ఱమువఱకు పది తావుల మీటి వినవలయును. పిక్‌తో మీటినది పదును. బొటనవ్రేలి కండతో మీటినది మెత్తన. పిక్ మొన నేటవాలుగా త్రిప్పినచో రెండింటి నడుమది.

తీగల మందముకూడ చూడవలయును. మన గమకమునకు తీగను ప్రక్కకు లాగుట తప్పదు. వీణమెట్లు మైనముపై ఎత్తుగా నిలిచియుండును; తీగను లాగి ఒకే మెట్టుపై మూడునాలుగు స్వరములు పలికింపవచ్చును. గిటారు మెట్లు పొట్టివి, తీగలు బిగువు, అంత సాగవు. మొదటితీగ అంగుళములో వెయ్యింట తొమ్మిదవవంతు మందముగల జతను కట్టినచో లేత వ్రేళ్లకును లాగ వీలగును. పదియవవంతుదానికి నాదము కొంచెము నిండుగా నుండును గాని వ్రేళ్లకు బలము కావలయును. మిగిలినది జాఱుతో సాధింపవలసినదే. శ్రీనివాస్‌గారి వాద్యమున జాఱును లాగుడును ఎట్లు కలిసిపోవునో వినినచో తెలియును.

ఇక పికప్పులు. సాధారణముగా దండివైపు నొకటి, గుఱ్ఱమువైపు నొకటి యుండును. కొన్నింట నడుమ మఱియొకటి. ప్రతిపికప్పును తనపైనున్న తీగభాగమునే వినును. గుఱ్ఱమునొద్ద తీగ కదలిక చిన్నది, అనుస్వరములపాలు హెచ్చు. కావున ఆ పికప్ నాదము పదును. దండినొద్దిది నిండు, మెత్తన. మన రాగములకు దండిపికప్పే తగినదని నా యెన్నిక. మా పిల్ల గుఱ్ఱమువైపుదానినే పెట్టి యుంచినది. సినిమాపాటలలో అట్టిదే వినబడునని కారణము. చిన్నస్విచ్చి నొక్కటి మార్చగనే వాద్యము వేఱైనట్లు తోచినది.

గిటారుపై నుండు టోన్ నాబును గుఱించి ఒక అపోహ కలదు. హెచ్చించినచో నాదమునకు ఏదియో చేరునని తలంతురు. సాధారణపు గిటారున నది దేనిని చేర్చదు; తీసివేయుట మాత్రమే దాని పని. అది జల్లెడవంటిది. లోపల కెపాసిటరను చిన్నబిళ్ల యుండి, తీక్ష్ణధ్వనులను ప్రక్కదారి పట్టించి నేలపాలు చేయును. నాబును పూర్తిగా తిప్పినచో జల్లెడ తెఱచియున్నట్లు. తగ్గించినకొలది పదును వడిసిపోవును. వాల్యూము నాబును తగ్గించినప్పుడుకూడ పెక్కుగిటారులలో కొంత పదును పోవుచుండును. ఇది దోషముగా నెంచక, పాటలో మెత్తదనము కావలసినచోట కొనవ్రేలితో నాబును తగ్గించి వాడుకొను వాద్యకారులు కలరు. మా పిల్ల టోన్‌ను పదింట ఆఱునొద్ద నుంచినది. ప్రతివాద్యమునకు నిదియే యని చెప్పజాలను.

ఆంప్లిఫయరున బేస్, మిడిల్, ట్రెబిల్ అను మూడు నాబులుండును. పిల్లలందఱును మిడిల్‌ను తగ్గించి మొదటిదానిని చివరిదానిని హెచ్చింతురు. గదిలో ఒంటరిగా విన్నప్పుడది ఘనముగా తోచును. కాని మనిషిగొంతునకు ప్రాణము నడిమి ధ్వనులలో నున్నది. మిడిల్‌ను తీసివైచి గమకమును వినగోరుట, పప్పు లేకుండ పప్పుచారు కాచుటవంటిది. మేము మిడిల్‌ను ఆఱునకు, బేస్‌ను నాలుగునకు, ట్రెబిల్‌ను నాలుగునకు తెచ్చితిమి. మఱియొక మాట. మెల్లగా మ్రోగునప్పుడు మన చెవికి మంద్రమును తీక్ష్ణమును కొంత తక్కువగా వినబడును. అందువలన రాత్రి మెల్లగా పెట్టుకొని కుదిర్చిన నాదము, పగలు బిగ్గఱగా మ్రోగించినపుడు ఉబ్బియు గుచ్చుకొనియు నుండును. ఎంత బిగ్గఱగా వాయింపదలచితిమో అంతలోనే దిద్దుకొనవలయును.

గెయిన్ అను నాబు వేఱు. అది మితిమీఱినపుడు ఆంప్లిఫయరు మోయలేక తరంగముల శిఖరములను నఱకివైచును. ఆ నఱకుడుచే క్రొత్త అనుస్వరములు పుట్టును, నాదము గరగరలాడును. ఇదియే డిస్టార్షన్. దీనిని వట్టిదోషమని త్రోసివేయుట తగదు. హెచ్చుతగ్గులు సమమగుటచే స్వరము చాలసేపు నిలుచును. కొన్ని పాటల కాగరగరయే అందము. అమెరికాలో నల్లజాతి స్త్రీయైన సిస్టర్ రోసెట్టా థార్ప్ (1915–1973) క్రైస్తవభక్తిగీతములు పాడుచు విద్యుద్గిటారును కరకుగా, ఉల్లాసముగా వాయించినది. 1964లో ఇంగ్లండున మాంచెస్టరు నగరపు పాతరైల్వేస్టేషనులో ఆమె చేసిన కచేరి టెలివిజనుకొఱకు చిత్రింపబడినది, ఇప్పటికిని చూడవచ్చును. పొడుగుకోటు ధరించి, వానలో బండి దిగివచ్చి, గిటారు నెత్తుకొనిన ఆ పెద్దమ్మను చూచిన పిమ్మట ‘ఇది ఆడవారి వాద్యము కా’దని యెవ్వరును నాతో ననలేరు. మా పిల్లకది మిక్కిలి నచ్చినది. మన రాగములకు మాత్రము గెయిన్‌ను మితముగా నుంచవలయును. మెల్లగా మీటినపుడు తేటగాను, గట్టిగా మీటినపుడు కొంచెము చిక్కగాను పలుకునంతవఱకు చాలును.

గుంయ్ మను హోరు మఱియొక పీడ. మన యింటి విద్యుత్తు సెకనునకు ఏబది ఆవృత్తులు గలది. ఒంటిచుట్ట పికప్ దాని నీడనుకూడ గ్రహించి హోరుమనును. 1955లో సేథ్ లవర్ అను ఆయన రెండుచుట్టలను ఎదురెదురు దిశల చుట్టి, అయస్కాంతముల ధ్రువములను మార్చి చేర్చి, హోరు హోరుతో కొట్టుపడి తీగనాదము మాత్రము నిలుచునట్లు చేసెను. దానినే హంబకర్ అందురు. నాదము కొంచెము నిండుగా, బరువుగా నుండును. ఒంటిచుట్టవాద్యము గలవారు టీవీకి, ట్యూబులైటునకు, ఫ్యాను రెగ్యులేటరునకు దూరముగా కూర్చుండి, ఏవైపు తిరిగినపుడు హోరు తగ్గునో చూచుకొనవలయును. తీగలను చేతితో తాకగానే హోరు తగ్గినచో అది తీగలు ఎర్తుతో కలిసియుండుటచేతనే. కావున తల్లులు ఒక్క సంగతి మఱవరాదు. మూడుముళ్ల ప్లగ్గులోని పెద్దముల్లును విఱిచి, రెండురంధ్రముల సాకెట్టులో దూర్చుట మన యూళ్లలో వాడుక. గిటారు విషయమున నది ప్రాణాపాయము. పిల్లచేతి తీగలు ఆ వైరుతో ముడిపడియున్నవి. సాకెట్టునకు ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనును పిలిచి చూపించిన పిమ్మటనే వాయింపనీయవలయును. తడిచేతులతో, తడినేలపై వలదు.

పెడళ్లను గుఱించి ఎక్కువ చెప్పను. రివర్బ్ అనునది కోవెలమండపమున పాడినట్టి మ్రోతను, డిలే ప్రతిధ్వనిని ఇచ్చును. రివర్బ్ కొంచెమైనచో పోపువలె రుచి. ఎక్కువైనచో అపస్వరములనుకూడ కప్పిపుచ్చి పిల్లను మోసగించును. నేర్చు తొలియేడు ఏ పెడలును కొననక్కఱలేదు. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోనును కొనినచో ఇఱుగుపొరుగులతో తగవుండదు. దానినైనను బిగ్గఱగా గంటలకొలది పెట్టుకొన్నచో చెవి చెడును. చెడిన చెవి మరల రాదు.

మా యింట పదిదినములు గడచినవి. ఒకనాటిసాయంకాలము పిల్ల దండిపికప్‌పై, వ్రేలికండతో, మోహనలో గాంధారమును మీటి నిలిపి, మెల్లగా రిషభమునకు జాఱినది. మా అత్తగారు వత్తులు చేయుట మానలేదు, తల యెత్తలేదు. ‘దీంట్ల దీర్ఘం నిలుస్తున్నదే’ అని మాత్రమనిరి. ఆ పిమ్మట ప్రతిదినమును దీపము పెట్టినవెనుక ‘ఆ మోహన ఏదీ?’ యని అడుగుచుండిరి. గరగరలాడు పాటను మొదలిడినచో మాత్రము లేచి పెరటిలోనికి పోవుదురు, ఇప్పటికిని పోవుదురు. అమ్మకపు మాటను మా అన్నగారు మరల నెత్తలేదు. పిల్ల తిరిగిపోవునపుడు నాబుల గుర్తులను ఒక కాగితముపై వ్రాసికొనిపోయినది. పట్టణపు గది వేఱు, గోడలు వేఱు. ఆ యంకెలు అచట పనికిరావనియు, చాపమీద కూర్చుండి తన చెవితోనే మరల దిద్దుకొనవలయుననియు మావారు చెప్పి పంపిరి.

తీగల పోషణమును గుఱించి రెండుమాటలు. చెమట తగిలిన ఉక్కు తుప్పుపట్టును. తుప్పుపట్టిన తీగ మొద్దుబారి, శ్రుతి నిలువదు. అట్టి తీగలతో నెన్ని నాబులు త్రిప్పినను తేటదనము రాదు. వాయించిన ప్రతిసారి మెత్తని పాతపంచెగుడ్డతో తీగల నడుగుభాగముకూడ తుడువవలయును. నూనెచేతులతో వాయింపరాదు. వేసవిలో మూడునాలుగు వారములకే తీగ నల్లబడును. మంచిజతయైనచో ఇంకను నిలుచును. క్రొత్తతీగలను కట్టినపుడు ఒక్కొక్కదానిని మెల్లగా పైకి లాగుచు, బిరడ త్రిప్పి మరల శ్రుతి చేయుచు, నాలుగైదుమార్లు సాగదీయవలయును. అంతచేసినను మొదటిదినము శ్రుతి దిగుచునే యుండును. నలుగురిని పిలిచి వినిపింపదలచిన దినమున తీగలను మార్చుకొనక, అంతకు రెండునాళ్ల ముందే మార్చుకొనవలయును.